మరియకుమారి తెలుగులో రాసిన వోబ్రెసీ గుడి

ఫుజైరా రేవుకి ఎదురుగా సముద్రంలో ఎప్పుడు చూసినా ఓడలు నిలబడి ఉంటాయి. నూనె పోయించుకోవడానికి వచ్చి, వంతు కోసం లంగరు వేసుకుంటాయి. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని ఏడో అంతస్తు కిటికీలోంచి వాటిని లెక్కపెట్టడం మరియకుమారికి అలవాటు. 2020 వేసవిలో ఆ లెక్క తెగేది కాదు. వచ్చిన ఓడ వచ్చినట్టే ఆగిపోయింది. ఓడలే కాదు, ఆ ఏడు మనుషులూ ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు. అలా ఆగిపోయినవాళ్ళలో సొలాంజ్ అనే ఫ్రెంచి ముసలావిడ ఒకరు. ఆవిడని చూసుకోవడమే మరియకుమారి పని.

మరియకుమారిది కోనసీమలో నడిపిలంక. గోదారి పాయ రెండుగా చీలి, మళ్ళీ కలిసేలోపు మధ్యలో మిగిలిన మట్టి ముక్క అది. కొబ్బరి, అరటి, కూరపాదులు. అటు దాటాలన్నా ఇటు దాటాలన్నా పడవే. ఆమె పదో తరగతి దాకా చదివింది. ఊరికి ఎడంగా ఉన్న వాళ్ళ పేటలో గుడికి, అంటే చర్చికి, సంబంధించిన రాతపనంతా చిన్నప్పట్నించీ ఆమెదే. స్త్రీల సమాజం మినిట్సు పుస్తకం రాసేది, పెళ్ళిపాటలు ఎత్తిరాసేది, క్రిస్మస్ నాటకంలో ఎవరి మాటలు వాళ్ళకి విడిగా రాసిచ్చేది. మరియ అక్షరాలు అచ్చేసినట్టుంటాయని పాస్టరుగారు అందరికీ చూపించేవారు. ఇరవయ్యారేళ్ళకి షార్జాలో ఒక అరబ్బు ఇంటికి పనికొచ్చింది. ఏడేళ్ళు చేశాక వీసా ఇచ్చిన ఆ యజమాని, ఆ కఫీలే, బెర్త్రాన్ అనే ఫ్రెంచి ఇంజినీరు దగ్గర పని చూసి, కాగితాలు సరిచేసి, ఫుజైరా పంపించాడు. భర్త ప్రసన్నకుమార్ రాజోలులో ఆటో నడుపుతాడు. కూతురు జాయ్స్ లంకలో మేనమామ జాన్‌బాబు ఇంట్లో పెరుగుతోంది. ఆఖరిసారి ఊరెళ్ళింది 2019 మొదట్లో, షార్జా నించి ఇటు మారేముందు.

బెర్త్రాన్ రేవులో నూనె ట్యాంకుల దగ్గర పనిచేస్తాడు. వాళ్ళమ్మ సొలాంజ్ చలి తప్పించుకుందామని ఫిబ్రవరిలో వచ్చింది, ఆరు వారాలకని. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. ఇవాళ కాకపోతే రేపు అనుకుంటూ ఉండగానే జూన్‌లో స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గాని ఆవిడ మళ్ళీ కుర్చీలోంచి లేవలేదు. ఆ పైన కళ్ళు. చూపు నట్టనడుమ నల్లటి మచ్చ ఒకటి పడి, రోజురోజుకీ పెద్దదైంది. ఎదుటి మనిషి చెవులు కనపడతాయి, ముఖం కనపడదు. అక్షరమైతే అసలే కనపడదు.

ఆవిడ వెంట రెండు పెట్టెలు తెచ్చుకుంది. ఒకదాంట్లో బట్టలు, రెండోదాని నిండా కాగితాలు. ముప్ఫయ్యారేళ్ళు వోబ్రెసీ అనే పల్లెలో బడిపంతులమ్మగా చేసి, సెలవుల్లో జిల్లా కచేరీకి పోయి, పాత దస్తావేజుల్లోంచి ఆ ఊరి గుడి సంగతులన్నీ ఎత్తి రాసుకుంది. అదంతా ఒక పుస్తకంగా కూర్చాలి. అదొక్కటే మిగిలిన పని. తీరా కూర్చుందామనేసరికి చూపు పోయింది.

కొడుకు ఒక రికార్డరు కొనిచ్చి దీనికి చెప్పమ్మా అన్నాడు. ఆవిడ రెండు రోజులు ప్రయత్నించి పక్కన పడేసింది. అది వింటుంది గాని ఏమీ అడగదని ఆవిడ ఫిర్యాదు. మరియకుమారి మాత్రం అడిగేది. కాళ్ళకి నూనె రాస్తూ, ఆ కాగితాల్లో ఏముంది మదాం అని ఊరికే అడిగింది. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది, పొద్దువాలేదాకా ఆపలేదు. మర్నాడు పొద్దున్నే, "మరీ, నువ్వు రాయి," అంది. మరియ అన్న పేరుని ఆవిడ అలాగే పలికేది.

"నాకు ఫ్రెంచి రాదు మదాం. ఇంగ్లీషు మాట వచ్చు గాని రాత రాదు."

"నీకు ఏ రాత వచ్చు?"

"తెలుగు."

"అయితే ఆ రాతలోనే రాయి. పోకుండా ఉంటే చాలు."

అలా మొదలైంది. బజార్లో కొన్న బడిపిల్లల నోటుపుస్తకంలో, రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు. సొలాంజ్ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేది, మరియకుమారి తనకర్థమైనది తెలుగులో పెట్టేది. మాట అర్థం కాకపోతే ముసలావిడ చేతులతో గాల్లో గోడలు కట్టి చూపించేది.

నాలుగువందల ఏళ్ళ కిందటి మాట. ఫ్రాన్సు రాజుకీ స్పెయిన్ రాజుకీ పడేది కాదు. వోబ్రెసీ సరిహద్దు పక్కనే, పచ్చికబీళ్ళ మధ్య. ఆవులు, ఆపిల్ చెట్లు, బురద. ఏటా వేసవి వచ్చిందంటే ఏదో ఒక సైన్యం ఆ దారిన పోవాల్సిందే. మనవాళ్ళా పరాయివాళ్ళా అన్న తేడా ఆవులకి ఉండేది కాదు. ఎవరొచ్చినా కోసుకు తినేవారే. జమీందారుకి కోట ఉంది, అది పది మైళ్ళ దూరం. ఊరికి ఉన్నదల్లా ఒక చిన్న రాతిగుడి. అప్పుడు ఊరివాళ్ళే కూర్చుని ఒక మాట అనుకున్నారు. మనకి కోట ఎవరూ కట్టివ్వరు గనక గుడినే కోట చేసుకుందాం అన్నారు. సొంత మట్టితో ఇటుక కాల్చారు. గుడికి రెండు పక్కలా గుండ్రటి బురుజులు లేపారు. గోడల్లో తుపాకీ గొట్టం పట్టేంత కంతలు పెట్టారు. పీఠం పైన, కప్పు కింద, ఊరంతా పట్టేలా పెద్ద అటక వేశారు. అటక మీద చలిమంటకి గూడు, రొట్టెలకి పొయ్యి. ఎడమ బురుజు కింద నుయ్యి. ఏ ఇంటివాళ్ళు ఎన్ని బళ్ళ ఇటుక తోలారో, అటక మీద ఎవరి చోటు ఎక్కడో అన్నీ రాతలో ఉన్నాయి.

మరియకుమారి అవన్నీ రాసింది. ఇటుక ఎలా కాల్చారో చెప్పినప్పుడు ఆమెకి ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. వాళ్ళ నాన్న బట్టీ మీద పనిచేసినవాడే.

2021 మొదట్లో, చలికాలంలో, ఆవిడ కొంచెం తెరిపిన పడ్డాక, ఒక శుక్రవారం బెర్త్రాన్ ఇద్దర్నీ కారులో బిదియా తీసుకెళ్ళాడు. అక్కడ పాతకాలపు మసీదు ఒకటుంది. మట్టితో, రాయితో కట్టింది, నాలుగు చిన్న గుమ్మటాలు. వెనక గుట్టమీద రెండు కాపలా బురుజులు. సొలాంజ్ కుర్చీని గోడ దగ్గరికి తోయించుకుని, అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంది. కింద ప్రార్థన, పైన కాపలా, మావాళ్ళు సరిహద్దు వైపు చూసి భయపడ్డట్టే ఇక్కడివాళ్ళు సముద్రం వైపు చూసి భయపడ్డారు అంది. ఇంటికొచ్చాక, అక్కడ తడిసిన ఇటుక వాసన రాలేదు అంది. మా ఊళ్ళో ఎండాకాలంలో కూడా గుడి తలుపు తీస్తే ఆ వాసన వస్తుంది, ఏడాదయింది నేనది పీల్చి, అంది. మరియకుమారికి ఆ రాత్రి భోజనం సయించలేదు. తనకి ఏ వాసన కావాలో ఆమెకి అప్పటిదాకా ఎవరూ గుర్తు చెయ్యలేదు.

మూడో నోటుపుస్తకంలో ముట్టడి సంగతి వచ్చింది. ఒక కోతలకాలంలో సైనికులు ఊరిమీద పడ్డారు. గంట కొట్టగానే ఆవులతో సహా ఊరంతా గుడిలో దూరి తలుపు బిగించుకున్నారు. అప్పుడు పిండిమర ఆసామి, పెళ్ళాంతో పరుగెత్తుకొచ్చి తలుపు కొట్టాడు. గుడికి ఇటుక తోలమంటే, నా మరకి నా గోడలున్నాయి, నాకు మీ గుడితో పనేంటని తిరగ్గొట్టిన మనిషి. తలుపు తియ్యాలా వద్దా అని లోపల పెద్ద వాదం. చివరికి తీశారు. మూడు రోజులున్నారు. సైనికులు మర తగలబెట్టి వెళ్ళిపోయారు.

మరియకుమారి కలం ఆపి, లోపలికొచ్చాక మర ఆసామి పెళ్ళాం పక్కన ఎవరు కూర్చున్నారు మదాం అని అడిగింది.

కాగితాల్లో చచ్చిన ఆవుల లెక్క ఉంది, పగిలిన కిటికీల లెక్క ఉంది, ఇది లేదు అంది సొలాంజ్. నలభై ఏళ్ళలో ఈ ప్రశ్న నాకు తట్టలేదు, నీకెందుకు తట్టింది అని అడిగింది.

అప్పుడు మరియకుమారి తన సంగతి చెప్పింది.

1986 ఆగస్టులో గోదారి వచ్చినట్టు బతికున్నవాళ్ళెవరూ అంతకుముందు చూడలేదు. నడిపిలంకలో మేడ ఉన్న కట్టడం ఒకటే, పేటలో గుడి. పేటవాళ్ళు కూలిపనులయ్యాక పడవల మీద ఇటుక మోసుకొచ్చి, పదకొండేళ్ళు కట్టుకున్న గుడి. ఊళ్ళోవాళ్ళెవరూ దాని గుమ్మం తొక్కి ఎరగరు. ఆ రోజు పెంకుటిళ్ళు చూరుదాకా మునిగాక, ఊరూ పేటా అంతా ఆ మేడ మీదికే చేరారు. మరియకుమారి వాళ్ళమ్మకి నెలలు నిండాయి. రెండో రోజు సందెవేళ అక్కడే నొప్పులొచ్చాయి. మంత్రసాని అవతలి గట్టున ఉండిపోయింది. మునసబుగారి కోడలు మాణిక్యాంబ, అంతకుముందు పేటవైపు చూసి ఎరగని మనిషి, లేచివచ్చి ఆమె వెనక కూర్చుని భుజాలు పట్టింది. పుట్టిన పిల్లని తన చీర చింపి చుట్టింది. ఆ పిల్లే మరియకుమారి.

నీళ్ళు తీశాక మాణిక్యాంబ ఇంటికెళ్ళి, నెత్తిన పసుపునీళ్ళు పోసుకుందని పేటలో చెప్పుకున్నారు. మళ్ళీ ఎప్పుడూ గుడివైపు రాలేదు. మరియకుమారి బడికెళ్తూ ఎదురైతే మాత్రం ఆగి, అన్నం తిన్నావా అనేది. జవాబు కోసం నిలబడేది కాదు. ఆవిడ్ని ఆపి ఆ రోజు సంగతి అడగాలని మరియకుమారికి ఎన్నిసార్లు అనిపించిందో. పుట్టినచోటు గురించి ఆవిడ నోట ఒక్క ముక్క వినాలని. అడగలేదు. తర్వాత దేశమే దాటింది.

సొలాంజ్ అంతా విని, నీ గుడి సంగతి కూడా రాయాలి అంది. ముందు మీది కానివ్వండి మదాం అంది మరియకుమారి.

2022 జులైలో గోదారి మళ్ళీ వచ్చింది. ఈసారి ముంచి వదల్లేదు, కోసింది. ఏళ్ళ తరబడి నదివైపు గట్టు కొద్దికొద్దిగా జారుతూనే ఉంది. గుడికీ నీళ్ళకీ మధ్య కొబ్బరితోట ఉండేది, తర్వాత బాట ఉండేది, తర్వాత ఏమీ లేదు. ముందుగానే జాయ్స్‌తో సహా అందర్నీ అవతలి గట్టుకి దాటించారు గనక ప్రాణాలు దక్కాయి. జాన్‌బాబు పడవలోంచి వీడియో తీసి పంపాడు. ఒక్క నిమిషం కూడా లేదు. ముందు కింది గోడ నీళ్ళలోకి ఒరిగింది. మేడ కాసేపు దేనిమీదా ఆనుకోకుండా నిలబడ్డట్టు కనపడింది. తర్వాత అదీ లేదు. వీడియో వెనక ఎవరో ఆడమనిషి ప్రార్థన చేస్తోంది, ఇంజను చప్పుడులో మాటలు తెలియడం లేదు.

మరియకుమారి వంటింట్లో నిలబడి నాలుగుసార్లు చూసింది. తర్వాత ఉల్లిపాయలు తరిగింది. మధ్యాహ్నం నోటుపుస్తకం తీసుకుని వచ్చి కూర్చుంటే, సొలాంజ్ ఆమె ముఖం కనపడకపోయినా ఏదో జరిగిందని పట్టేసింది. విషయం విన్నాక ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. మొదటి పెద్దయుద్ధంలో శత్రువులు తమ గుడి గంట దించుకుపోయారనీ, కప్పు రెండుసార్లు కాలిపోయిందనీ చెప్పింది. కాలిన ప్రతిసారీ, ఎక్కడ ఏముండేదో తెలిసిన ముసలాళ్ళని కూర్చోబెట్టి అడిగి తాపీవాళ్ళు మళ్ళీ కట్టారట.

"మాకు కట్టడానికి నేల కూడా లేదు మదాం," అంది మరియకుమారి.

"తెలుసు. అయినా చెప్పు. గుమ్మంలోంచి వస్తే ఎడమచేతి వైపు ఏముంటుంది?"

మరియకుమారి చెప్పడం మొదలుపెట్టింది. ఎడమవైపు నీళ్ళకుండ. దాని పక్కన పాటల పుస్తకాల బల్ల. మూడో కిటికీకి రెక్క లేదు. మేడమెట్లు పదిహేడు, తొమ్మిదోది అరిగిపోయింది. మెట్ల దగ్గరికొచ్చేసరికి ఆమె నోటుపుస్తకం మూసేసింది. ముసలావిడ చెయ్యి చాపి, తడుముకుంటూ, ఆమె మోకాలి మీద వేసింది. ఆ రోజు ఇద్దరూ రాసుకోలేదు.

ఆ ఏడు చివరికి ఆరు నోటుపుస్తకాలు నిండాయి. జనవరిలో సొలాంజ్‌కి నిమ్ము చేసింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. చివరి రెండు రోజులూ ఫ్రెంచిలోనే మాట్లాడింది, మరియకుమారికి అందులో వోబ్రెసీ అన్న మాట తప్ప మరేమీ తెలియలేదు. మూడేళ్ళపాటు ప్రతి నెలా వెళ్ళిపోతాననుకున్న మనిషి, పెట్టెలో వెళ్ళింది. బెర్త్రాన్ వెంట వెళ్ళాడు.

మట్టిచేసిన రోజు అతను అక్కడినించి వీడియో కాల్ చేశాడు. మా అమ్మ నీకు ఈ గుడి చూపించమనేది అన్నాడు. మరియకుమారి ఫోను రెండు చేతులా పట్టుకుంది. ఎర్ర ఇటుక, తడిగా, ఆమె అనుకున్నదానికంటే చిన్నది. బెర్త్రాన్ లోపలికొచ్చి ఫోను అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఎడమకి తిరగండి సార్, ఆ బురుజు కింద నుయ్యి ఉంటుంది, మూతమీద ఇనుపకడ్డీ ఉంటుంది అంది ఆమె. ఉంది. వెనక్కి వెళ్తే సన్నటి మెట్లుంటాయి, తల వంచి ఎక్కండి అంది. అతను ఎక్కాడు. రొట్టెల పొయ్యి, చలిమంట గూడు, కంతల్లోంచి బీళ్ళు. ఒక్కోటీ ఆమె ముందు చెప్పడం, తర్వాత ఫోనులో కనపడటం. అతను ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, ఆ అటక మీదికి ఎన్నడూ ఎక్కలేదట. ఫోను పెట్టేశాక మరియకుమారికి ఎదురుగా ఓడలు, వెనక బోడికొండలు, అంతే మిగిలాయి. తను ఎన్నడూ చూడబోని గుడి అది. అందులో చీకట్లో కూడా నడవగలదు. తన గుడిలో నడవడానికి వీల్లేదు.

తిరిగొచ్చాక బెర్త్రాన్ పెట్టెలో కాగితాలు తిరగేశాడు. ఎత్తిరాసుకున్నవి వందలున్నాయి గాని, వరసగా చెప్పిన కథ ఎక్కడా లేదు. అది ఆ ఆరు నోటుపుస్తకాల్లోనే, తెలుగులోనే ఉంది. అందుకని 2023 మొదట్నించీ ప్రతి శనివారం మధ్యాహ్నం మరియకుమారి చదివి తన ఇంగ్లీషులో చెప్పేది, అతను ఫ్రెంచిలో టైపు చేసుకునేవాడు. అప్పుడప్పుడు టైపు ఆపి కళ్ళు తుడుచుకునేవాడు. ఇది అచ్చం అమ్మ అన్నట్టే ఉంది అనేవాడు.

ముట్టడి దగ్గరికొచ్చారు. ఆమె చదువుకుంటూ పోతోంది. తలుపు తీశారు, మర ఆసామీ పెళ్ళామూ లోపలికొచ్చారు. రెండో రోజు సందెవేళ అటక మీద ఒకామెకి నొప్పులొస్తే, మర ఆసామి పెళ్ళాం లేచివెళ్ళి ఆమె భుజాలు పట్టుకుంది. బెర్త్రాన్ చెయ్యెత్తి ఆపాడు. అమ్మ కాగితాల్లో ఇది ఎక్కడా లేదే అన్నాడు.

మరియకుమారి ఆ పేజీని మళ్ళీ చూసింది. అక్షరాలు తనవే, గుండ్రంగా, తొందర లేకుండా ఉన్నాయి. సొలాంజ్ చెప్పిందో, తనే రాసేసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కానీ ఎక్కడిదో మాత్రం తెలుసు. అతను, చాలా బాగుంది, ఎవరికి నష్టం, ఉంచేద్దాం అన్నాడు.

"వద్దు సార్. తీసెయ్యండి. అది మా ఊరిది."

ఆ మాట ఆమె నోటివెంట కొంచెం గట్టిగానే వచ్చింది. బెర్త్రాన్ ఆమెకేసి చూసి ఆ నాలుగు వాక్యాలూ తీసేశాడు. ఆ సాయంత్రం ఆమె కొత్త నోటుపుస్తకం కొనుక్కుంది.

వోబ్రెసీ పుస్తకం మరుసటి ఏడాది అక్కడి పంచాయితీవాళ్ళు అచ్చువేశారు. బెర్త్రాన్ బదిలీ మీద వెళ్ళిపోతూ, ఆమెకి ఫుజైరాలోనే ఒక డాక్టరమ్మ ఇంట్లో పని కుదిర్చి వెళ్ళాడు. మరియకుమారి ఆదివారాలు ఆరాధనయ్యాక గది మంచం మీద కూర్చుని ఫోన్లు చేస్తుంది. నడిపిలంక మనుషులు ఇప్పుడు అవతలి గట్టున కాలనీలో కొందరు, రాజోలులో కొందరు, అబుదాబి దగ్గర మఫ్రఖ్ కూలీల క్యాంపులో కూడా ఇద్దరున్నారు. ఒక్కొక్కర్నీ అడిగి రాసుకుంటుంది. మూడేళ్ళ పిల్లాడిగా ఆ మేడ ఎక్కినవాడు ఒకటి చెప్తాడు, వాళ్ళక్క కాదంటుంది. రెండూ రాస్తుంది.

మాణిక్యాంబ నంబరు సంపాదించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆవిడ కాకినాడలో కూతురి దగ్గర ఉంది. డెబ్భైమూడేళ్ళు. ఫోను ఆవిడే తీసింది. పేటలో అబ్రహాం కూతుర్ని అమ్మగారూ, వరదలో పుట్టినదాన్ని అంది మరియకుమారి.

"రాస్తున్నావంట గదా. ఎవరో చెప్పారు. రాసుకో," అంది మాణిక్యాంబ. "అందరూ వాన అంటారు. ఆ సాయంత్రం వాన లేదు. తెరిపిచ్చింది. నిండు చంద్రుడు ఇంకా రెండు మూడు రోజులకనగా, ఇంత పెద్ద చంద్రుడు పొడిచాడు. ఎటు చూసినా నీళ్ళే, వెండిరేకు పరిచినట్టు. మెట్ల నిండా కప్పలు. మీయమ్మ కేక పెడితే ఆ కప్పలన్నీ ఒక్కసారి నోరు మూశాయి."

మీ అమ్మమ్మ కాచిన గంజి తాగాను నేను, ఆ నాలుగు రోజులూ, ఆ సంగతి మా ఇంట్లో ఇవాళ్టిదాకా చెప్పలేదు అంది. తలకి పోసుకున్న సంగతి నిజమే, మా అత్తగారు పోయించింది, వద్దనే ధైర్యం నాకు లేకపోయింది, అదీ రాసుకో అంది. తర్వాత కూతురు పిలిచిందని ఫోను పెట్టేసింది. మరియకుమారి ఒక్క ముక్క పోకుండా రాసింది. రాస్తుంటే సిరా అక్కడక్కడా అలికిపోయింది. ఆ పేజీని తిరిగి మంచి రాతలో ఎత్తిరాయాలని అనుకుంది గాని రాయలేదు.

వచ్చే మే నెలలో సెలవు అడిగింది, డాక్టరమ్మ సరేనంది. వచ్చి ఏం చేస్తావక్కా, అక్కడ చూడ్డానికేముందని జాన్‌బాబు అడిగాడు. కాలనీలో రేకులషెడ్డులో ఇప్పుడు ఆరాధన జరుగుతోంది, అక్కడికి రమ్మన్నాడు. వస్తాను గాని ముందు నది మీదికి వెళ్ళాలి అంది. లంక దగ్గర పడవ నడిపిన త్రిమూర్తులు ఇంకా బతికే ఉన్నాడని తెలిసి, పోయిన ఆదివారం అతనికి ఫోను చేసింది.

"బాబాయ్, గుడి ఉన్నచోటు నీళ్ళల్లో గుర్తుపట్టగలవా?"

"ఎందుకు పట్టలేను," అన్నాడు త్రిమూర్తులు. "వేసంగిలో నీళ్ళు తగ్గినప్పుడు అక్కడ గెడ వేస్తే ఇసక తగలదమ్మా. ఇటుక తగుల్తది."